వంశీ కొట్టని కొబ్బరికాయ

అక్టోబర్ 5, 2003, ఆదివారం. దసరా

కారు వచ్చింది. తెల్ల శాంట్రో. నిన్న సాయంత్రం నుంచి కేదార్ దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పెళ్ళిలో నా చిటికెన వేలు పట్టుకుని కూడా ఇన్నిసార్లు తిరగలేదు. సైడు అద్దంలో తల దువ్వుకోవడం ఇంకా మొదలుపెట్టలేదు, రేపు మొదలుపెడతాడు.

పొద్దున్న సెల్లార్‌లో పూజ. దసరా రోజు అమీర్‌పేటలో పంతులుగారు దొరకడమంటే మాటలు కాదు. దొరికారు గానీ ఒక కాలు స్కూటర్ మీదే పెట్టి మంత్రాలు చదివారు. ఎదురు ఫ్లాట్ శ్రీలేఖ, వాళ్ళాయన వంశీకృష్ణ పక్కనే ఉన్నారు. మా ఇంట్లో ఏం జరిగినా వాళ్ళుంటారు, వాళ్ళింట్లో ఏం జరిగినా మేముంటాం. నేనూ లేఖా పనిచేసేది కూడా ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో. మాకు రెండు వంటిళ్ళున్నా కూర ఒక ఇంట్లో, పులుసు ఒక ఇంట్లో.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టగానే కేదార్ గబగబా ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. పంతులుగారు కొబ్బరికాయ పట్టుకుని పిలిస్తే లోపలి నుంచే వంశీని చూపించాడు. వంశీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, భుజం నొప్పి అన్నాడు. పంతులుగారు ఆయన వంకా ఈయన వంకా చూశారు. చివరికి వాచ్‌మన్ ఐలయ్య, "గింత దానికి గింత ఫికరా సారూ, ఇటియ్యుండ్రి" అని ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేశాడు.

నిన్న పొద్దున్నే వంశీ అదే భుజంతో షటిల్‌లో కేదార్‌ను చిత్తుగా ఓడించాడు.

కేదార్ ఎందుకు కొట్టలేదో నాకు తెలుసు. పోయిన ఏడాది నాకు మూడో నెలలో పోయినప్పుడు, కారణం మా అత్తగారు దుర్గాంబగారు కనిపెట్టారు. కడుపుతో ఉన్నదాని మొగుడు కొబ్బరికాయ కొట్టకూడదట. వీడు ఆఫీసులో కొత్త ఫ్లోర్ పూజకి కొట్టాడట. డాక్టర్ చెప్పిన కారణం ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు, ఇది మాత్రం బంధువులందరికీ గుర్తే. అప్పుడు వంశీ మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కేదార్‌కి పెద్ద క్లాసు పీకాడు. కొబ్బరికాయకీ కడుపుకీ సంబంధం ఏంటన్నయ్యా, మనం ఇంజినీర్లం, ఇలాంటివి మనం నమ్మితే ఎలా అని. లేఖ నా పక్కన కూర్చుని, అవును, అవును అంది. వాళ్ళ మాటలే పట్టుకుని నేను ఆ వేసవి దాటాను. కేదార్ తల ఊపాడు గానీ ఆ తరవాత ఎక్కడా కొబ్బరికాయ ముట్టుకోలేదు.

మరి ఆ క్లాసు పీకిన ఇంజినీరుగారు ఇవాళ ఎందుకు ముట్టుకోలేదు?

పప్పుకి పోపు పెడుతూ ఉంటే అర్థమైంది. పోపు మాడింది.

లేఖ చెప్తుంది. ఈ మాట తన నోటితో తనే నాకు చెప్పాలి. నేను అడగను.

అక్టోబర్ 6

చెప్పలేదు. పండగ మర్నాడు కదా, అలసిపోయి ఉంటుంది.

అక్టోబర్ 8, బుధవారం

ఇన్‌స్టిట్యూట్‌లో నన్ను కౌన్సెలర్ అంటారు. జావా నేర్చుకుంటే అమెరికా, టెస్టింగ్ నేర్చుకుంటే కనీసం మాదాపూర్ అని పిల్లలకి నవ్వుతూ చెప్పడం నా పని. లేఖది అసలైన పని, జావా పాఠం చెప్తుంది. ఇవాళ ఇన్‌హెరిటెన్స్ చెప్తూ చెప్తూ, తల్లి క్లాసు నుంచి పిల్ల క్లాసుకి ఏమేం వస్తాయో సగంలో ఆపేసి బయటికి పరుగెత్తింది. కుర్రాళ్ళు టీ బ్రేక్ అనుకుని కిందికి పోయారు.

గ్యాస్ అంది. ఈ మధ్య అందరికీ గ్యాసే అన్నాను. అల్లం ముక్క ఉప్పులో అద్ది ఇచ్చాను. గ్యాస్‌కి చాలా మంచిది అన్నాను. అవునే, గ్యాస్‌కే కదా అంది. ఇద్దరం ఎంత గంభీరంగా ఉన్నామంటే, మా యజమాని హనుమత్‌ప్రసాద్‌గారు చూసి ఎవరో ఫీజు వెనక్కి అడిగారనుకున్నారు.

సాయంత్రం నడిచి వస్తుంటే తనకి ఆయాసం. నేను చెప్పు కరుస్తోందని వంక పెట్టి మెల్లగా నడిచాను. పాపం, నెమ్మదిగా నడువు, తొందరేముంది అని నా మీద జాలిపడింది. సత్యం థియేటర్ సందు దాకా కుంటుతూ వచ్చాను. నా చెప్పులు నెల కిందట కొన్నవి, దూదిలా ఉంటాయి.

అక్టోబర్ 11, శనివారం

బుచ్చమ్మ రెండు ఇళ్ళలోనూ గిన్నెలు తోముతుంది. ఇవాళ తోముతూ తోముతూ ఆపి, నా వంక చూసి, మళ్ళీ తోమి, మళ్ళీ ఆపింది. ఏంటి బుచ్చమ్మా అంటే ఇక ఆగలేకపోయింది.

"గా లేఖమ్మ కడుపుతోని ఉన్నది గదమ్మా. మీకు చెప్పొద్దని నాకు మస్తు చెప్పిన్రు. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకుండ్రి."

నాకు తెలుసులే అన్నాను. ఎట్ల తెలుసమ్మా అంది. తనే చెప్పింది అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. బుచ్చమ్మ బరువు దిగిపోయి మిగిలిన గిన్నెలు పాడుకుంటూ తోమింది.

అయితే బుచ్చమ్మకి తెలుసు. నేను ఎవరినని నాకు తెలియాలి?

అక్టోబర్ 14, మంగళవారం

కేదార్‌కీ తెలుసు. దసరా సాయంత్రమే వంశీ చెప్పేశాడట. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఏం తిన్నాడో కూడా దాచుకోలేని మనిషి, ఈ ఒక్కటీ వారం పైన దాచాడు. ఇవాళ నేను ఊరికే, లేఖ ఈ మధ్య సన్నబడింది కదా అంటే, మొదట్లో అలాగే ఉంటుందట అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

నిన్ను బాధపెట్టడం ఎందుకని చెప్పలేదన్నాడు. నేను బాధపడుతున్నట్టు కనిపిస్తున్నానా అని అడిగాను. లేదన్నాడు. మరి ఇంకేంటన్నాను. తల వంచుకుని పెరుగన్నంలోకి మళ్ళీ పెరుగు వేసుకున్నాడు. అది కలుపుతూ, "నిజంగా బాధగా లేదా ఉదయా?" అని అడిగాడు.

లేదని చెప్పాను. లేదు కూడా.

అక్టోబర్ 19, ఆదివారం

కొత్త కారులో ఎర్రగడ్డ రైతు బజార్‌కి వెళ్ళాం. ఆటోలో వెళితే పావుగంట. కారులో వెళ్ళి, దాన్ని నిలపడానికి చోటు వెతికి, కేదార్ దాన్ని వదిలి రాలేక లోపలే కూర్చుంటే నేను ఒక్కదాన్నే సంచులు మోసుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది.

అక్కడ బొప్పాయి బాగుంది. కొన్నాను. ముక్కలు కోసి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, పళ్ళెంలో లేఖ వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. కడుపుతో ఉన్నవాళ్ళకి బొప్పాయి చూపించడమే పాపమని మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు.

లేఖ నా మొహం చూసింది. నేను విటమిన్ల గురించి మాట్లాడుతున్నాను. తను పళ్ళెం మీదికి చెయ్యి చాచింది. నెమ్మదిగానే చాచింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఇంతలో వంశీ పళ్ళెం లాక్కుని, నాకు బొప్పాయి ప్రాణం వదినా అంటూ మొత్తం తినేశాడు. బొప్పాయి వాసనకే లేచి వెళ్ళిపోయే మనిషి. కళ్ళలో నీళ్ళు తిరిగినా ఆపకుండా తిన్నాడు.

నేను ఊరికే చూద్దామనే పట్టుకెళ్ళాను. నోటి దాకా రానిచ్చేదాన్ని కాదు. ఆపేదాన్ని. తప్పకుండా ఆపేదాన్ని.

ఆపేదాన్నే.

అక్టోబర్ 25. దీపావళి

టపాసుల పొగ పడదని లేఖ టెర్రస్ మీదికి రాలేదు. పోయిన దీపావళికి చిచ్చుబుడ్డి చేత్తో పట్టుకుని కాల్చింది.

నవంబర్ 3, సోమవారం

రాజమండ్రి నుంచి లేఖ వాళ్ళమ్మ అరుణాదేవిగారు వచ్చారు. ఊరికే చూసిపోదామని వచ్చానమ్మా అన్నారు. ఊరికే చూసిపోవడానికి సున్నుండల డబ్బా, పాత మెత్తటి చీరల మూట, కుంపటి తెచ్చుకున్నారు. ఆ సామాను నాలుగో అంతస్తుకి ఎక్కించేసరికి ఐలయ్య మొహం వాడిపోయింది. అమ్మ ఎన్నాళ్ళుంటుందే అని లేఖని అడిగితే, నాలుగు రోజులు అంది. నా కళ్ళలోకి చూడలేదు.

అడగను అన్నాను, అడగను.

నవంబర్ 8, శనివారం

దోసకాయ పప్పు చేశాను. లేఖకి ఇష్టం. ఇంగువ వాసన పడడం లేదని గమనించి వెల్లుల్లి మాత్రమే వేశాను. గిన్నె పట్టుకుని వెళితే అరుణాదేవిగారు గుమ్మంలోనే అందుకున్నారు. లోపల సోఫాలో లేఖ కూర్చుని ఉంది. నన్ను చూసింది.

"దానికి ఒంట్లో వేడి చేసిందమ్మా ఉదయా. కొన్నాళ్ళు నా చేతి వంటే పెడదామనుకుంటున్నాను. నువ్వేమీ అనుకోకు."

నేనేమీ అనుకోలేదు పిన్నిగారూ అన్నాను. లేఖ కూడా ఏమీ అనలేదు.

సాయంత్రానికి గిన్నె తోమి, అడుగున పంచదార వేసి పంపించారు. పద్ధతి తెలిసిన మనిషి, ఖాళీ గిన్నె పంపరు.

నవంబర్ 9

పొద్దున్నే బుచ్చమ్మ వచ్చి, "నిన్నటి పప్పు మస్తుగుండెనమ్మా, మా పోరలు గిన్నె నాకిన్రు" అంది.

నా పప్పుకి దిష్టి ఉంటుందని నాకు తెలియదు. ఉప్పు తక్కువైందంటే ఒప్పుకునేదాన్ని.

ఇవాళ చాలాసేపు ఏడ్చాను. ఉల్లిపాయలు అని కేదార్‌కి చెప్పాను. వంటింట్లోకి వచ్చి చూసి, ఉల్లిపాయలేవీ అని అడగకుండా వెళ్ళిపోయాడు. కారు తుడవడానికి కిందికి పోలేదు, హాల్లోనే కూర్చున్నాడు. ఆ మనిషిని ఊరికే ఏడిపిస్తుంటాను.

నవంబర్ 10

ముందే బయల్దేరి ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. చాలా పని ఉంది.

నవంబర్ 11

చాలా పని ఉంది.

నవంబర్ 13, గురువారం

పొద్దున లేఖ తలుపు కొట్టిందని కేదార్ చెప్పాడు. నేను అప్పటికే మైత్రీవనం దాటేశాను. మధ్యాహ్నం డబ్బా విప్పుకోవడానికి తను నా టేబుల్ దగ్గరికి వచ్చేసరికి నేను ఒక కుర్రాడికి ఒరాకిల్ గురించి చెప్తున్నాను. వాడు అడిగింది మంచినీళ్ళెక్కడున్నాయని.

నవంబర్ 17, సోమవారం

హనుమత్‌ప్రసాద్‌గారు పిలిచి కూర్చోబెట్టారు. టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించారంటే విషయం చాలా పెద్దదని అర్థం. మీరూ శ్రీలేఖగారూ కలిసి భోంచేయడం లేదు, కలిసి రావడం లేదు, వేరే వేరే వెళుతున్నారు, నాకంతా తెలుసు అన్నారు. లేఖ సంగతి ఈయనకీ తెలిసిపోయిందనుకున్నాను. పక్కవీధి ఇన్‌స్టిట్యూట్ వాడు ఎంతిస్తానన్నాడో చెప్పండి, నేనూ ఆలోచిస్తాను అన్నారు.

ఎంత నవ్వొచ్చిందో. ఇది లేఖకి చెప్పాలి అని లేచి ఆవిడ క్లాసు గుమ్మం దాకా వెళ్ళాను కూడా. బోర్డు మీద రాస్తోంది. చున్నీ మడతలు పొట్ట మీదికి వచ్చేలా వేసుకుంది. రెండో చెయ్యి ఆ మడతల మీద ఉంది, అక్కడ పెట్టిన సంగతి తనకే తెలియనట్టు.

వెనక్కి వచ్చేశాను. నాకు కావాలి. అదే నాకూ కావాలి. ఆ పొట్టా, ఆ చెయ్యీ, ఆ గ్యాసూ అన్నీ కావాలి. ఇంతకన్నా ఏమీ రాయలేను ఇవాళ.

నవంబర్ 22, శనివారం

పంజగుట్టలో చీరల షాపుకి వెళ్ళాను. కొనడానికి కాదు. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉంటే ఎదురింటి తలుపు చప్పుడు వినబడుతుంది, అందుకు. నాలుగు చీరలు విప్పించి, రంగు నచ్చలేదని చెప్పి బయటపడ్డాను. షాపు పక్క సందులో మిరపకాయ బజ్జీల బండి ఉంది. ఆ బండి వెనక, గోడ వైపు తిరిగి, చున్నీ తల మీదికి కప్పుకుని ఒక మనిషి బజ్జీలు తింటోంది. దొంగలు కూడా అంత జాగ్రత్తగా తినరు.

ఆ చెప్పులు నాకు తెలుసు. ఇద్దరం ఒకేరోజు కొనుక్కున్నాం.

వెళ్ళిపోదామనుకున్నాను. తను తిరిగి చూసింది. నోటి నిండా బజ్జీ. మింగలేదు, ఉమ్మలేదు. అమ్మ బయటి తిండి తిననివ్వడం లేదట, డాక్టర్ దగ్గర రిపోర్ట్ తీసుకోవాలని అబద్ధం చెప్పి వచ్చిందట. ఇదంతా చేతులు తిప్పుతూ, బుగ్గలు పొంగించుకునే చెప్పింది. అబద్ధమాడి బజ్జీల కోసం పంజగుట్ట దాకా వచ్చిన గర్భిణి. నాకు నవ్వు ఆగలేదు. నవ్వకూడదని ఎంత అనుకున్నానో.

అప్పుడు మింగింది. మింగి, చున్నీతో మూతి తుడుచుకుని చెప్పింది.

"నాకు నాలుగో నెల, ఉదయా."

తెలుసన్నాను. ఎప్పటి నుంచి అంది. మీ ఆయన భుజం నొప్పి నుంచి అన్నాను. తను తల పట్టుకుంది. ఆ రోజు ఇంటికెళ్ళి వంశీని తిట్టిందట, కాయ పట్టుకుని కింద పెట్టేస్తే సరిపోయేది కదా, అంత పెద్దగా చేతులు వెనక్కి పెట్టుకోవాలా అని. పోయిన ఏడాది నీ మొగుడు మాకు చెప్పిన పాఠం ఏమైందని అడిగాను. నవ్వుతూ అడుగుదామనుకున్నాను గానీ నిష్ఠూరంగానే వచ్చింది. తనూ నవ్వలేదు. మనది కానప్పుడు ధైర్యం చెప్పడం తేలికే ఉదయా, మాకు వచ్చాక భయం వేసింది అంది.

బొప్పాయి సంగతి నేనే ఎత్తాను. ఆపేదాన్నే లేఖా అన్నాను. నాకు తెలుసు, అందుకే చెయ్యి చాచాను, నువ్వు ఆపితే అక్కడితో ఈ దాగుడుమూతలు అయిపోతాయనుకున్నాను, ఇంతలో ఈయన లాగేసుకుని తినేశాడు అంది. ఆ రాత్రి వంశీకి వాంతులట. ఇద్దరూ చెరో పక్కన కక్కుకుంటూ కూర్చున్నారట.

పప్పు గురించి మాత్రం తను ఏ సాకూ వెతుక్కోలేదు. అమ్మ బుచ్చమ్మకి ఇచ్చేస్తుంటే నేను అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు, అమ్మకి ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది అంది. అది నేను మర్చిపోలేను అన్నాను. మర్చిపోవద్దంది.

మరి నాకెందుకు చెప్పలేదే అని అడిగాను. అడగనని ఒట్టు పెట్టుకున్నది ఇదొక్కటే. అడిగేశాను. మీ అమ్మ వద్దన్నారనా, నా దిష్టి తగులుతుందనా అన్నాను. లేఖ బజ్జీ కాగితాన్ని మడిచింది, ఇంకా చిన్నగా మడిచింది.

"అమ్మ వద్దంది, నిజమే. కానీ అందుకు కాదు. చెప్తే నువ్వు సంతోషపడాలి. పడతావు కూడా, నాకు తెలుసు. ఇంటికెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, మళ్ళీ నాకు అన్నం కలిపి పెడతావు. నీచేత అంత చాకిరీ చేయించడం నాకిష్టం లేకపోయింది."

బండి మీద నూనె చిటపటలాడుతోంది. పక్కన ఎవరో కుర్రాళ్ళు ఇంటర్వ్యూ ప్రశ్నలు ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. దసరా నుంచి నేను ఎంత మంచిదానిలా ఉన్నానో ఒక్కసారిగా గుర్తొచ్చి ఒంట్లో ఓపిక అయిపోయింది.

"నాకు కుళ్ళుగా ఉందే లేఖా" అన్నాను.

"హమ్మయ్య" అంది.

అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బజ్జీల అతను కంగారుపడి, మిర్చి ఘాటున్నదమ్మా, జర నీళ్ళు తాగుండ్రి అని రెండు గ్లాసులు ఇచ్చాడు. తాగాం. కొంచెం కుళ్ళా అంది. చాలా అన్నాను. నీ పొట్ట చూస్తే కుళ్ళు, నీ సున్నుండలు చూస్తే కుళ్ళు, రేపు పుట్టినవాడి మొహం చూస్తే ఏం చేస్తానో నాకే తెలియదు అన్నాను. లేఖ కళ్ళు తుడుచుకుంటూ వింటోంది. ఇన్నాళ్ళూ నువ్వు నవ్వుతూ అల్లం ఇస్తుంటే నాకు ఊపిరాడలేదు, ఇలా చెప్పు, రోజూ చెప్పు అంది. రోజూ అంటే కుదరదు, నాకు ఇన్‌స్టిట్యూట్‌లో పనుంటుంది అన్నాను.

నడిచి బయల్దేరాం. పంజగుట్ట సర్కిల్ దగ్గర శనివారం సాయంత్రం రోడ్డు దాటడం గర్భిణులు చేసే పని కాదు, మామూలు వాళ్ళు చేసే పని కూడా కాదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సగంలో ఒక బస్సు ఆగకుండా వచ్చింది. నేను ముందుకెళ్ళి అడ్డంగా నిలబడి డ్రైవర్‌ని తిట్టాను. ఎప్పుడు వెళ్ళి నిలబడ్డానో నాకు తెలియదు.

అవతలికి చేరాక, రేపు మా ఇంటికి వస్తావా అని అడిగింది. రాను అన్నాను. మీ అమ్మగారున్నారు, నాకు ఇంకా కోపంగా ఉంది. ఎల్లుండి అంది. ఏమో అన్నాను. వచ్చిన రోజు వస్తాను, రాలేని రోజు రాను, ఎందుకు రాలేదని అడగకు అన్నాను.

"అడుగుతాను" అంది.

అమీర్‌పేట దాకా నడిచాం. నా కుళ్ళు ఏమీ తగ్గలేదు. తను నా చెయ్యి వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు.